మూడు ట్రోఫీల సీజన్లన్నీ ఒకే తూకమా?

సుబేదారి వాసి:

2025 మే 31 రాత్రి, మన గడియారంలో పన్నెండున్నరకు మొదలైన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను హన్మకొండలో మా డాబా మీద ఏడుగురం కూర్చొని చూశాం. మ్యూనిక్‌లో పారిస్ సెయింట్ జర్మెయిన్ 5-0తో ఇంటర్ మిలాన్‌ను ఓడించి, ఫ్రాన్స్ లీగ్, ఫ్రాన్స్ కప్‌ల తరువాత మూడో ట్రోఫీని కూడా అదే సీజనులో ఎత్తినప్పుడు, మాలో అందరికంటే చిన్నవాడు "ఇక 1999 మాట ఎత్తకండి, ట్రెబుల్ గెలిచినవాళ్లందరూ సమానమే" అన్నాడు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఎందుకు పడలేదో ఆ రాత్రి సరిగ్గా చెప్పలేకపోయాను కనుక, ఇక్కడ పెడుతున్నాను.

సొంత దేశపు లీగ్, సొంత దేశపు కప్, యూరప్ కప్ (ఒకప్పటి యూరోపియన్ కప్, ఇప్పటి ఛాంపియన్స్ లీగ్), ఈ మూడింటినీ ఒకే సీజనులో గెలిస్తే దాన్ని ట్రెబుల్ అంటున్నాం. 1967లో సెల్టిక్, 1972లో అయాక్స్, 1988లో పీఎస్‌వీ ఐండ్‌హోవెన్, 1999లో మాంచెస్టర్ యునైటెడ్, 2009లోను 2015లోను బార్సిలోనా, 2010లో ఇంటర్ మిలాన్, 2013లోను 2020లోను బయెర్న్ మ్యూనిక్, 2023లో మాంచెస్టర్ సిటీ, ఇప్పుడు పారిస్ సెయింట్ జర్మెయిన్ (పీఎస్‌జీ). అంటే తొమ్మిది క్లబ్బులు, పదకొండు సార్లు. ఈ వరుసను కాలం ప్రకారం చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. యూరోపియన్ కప్ మొదలైన నాటి నుంచి 1998 దాకా, 43 సీజన్లలో, ఈ పని జరిగింది మూడేసార్లు. 2009 నుంచి 2025 దాకా, 17 సీజన్లలో, ఏడుసార్లు జరిగింది. ఆటగాళ్లు హఠాత్తుగా రెట్టింపు గొప్పవాళ్లు కాలేదు. సొంత లీగులో పోటీ పలచబడింది, డబ్బు నాలుగైదు క్లబ్బుల దగ్గర పోగుపడింది. 2013 నుంచి 2025 వరకు 13 ఫ్రాన్స్ లీగ్ టైటిళ్లలో 11 పీఎస్‌జీవే. బయెర్న్ 2013 నుంచి 2023 దాకా వరుసగా పదకొండేళ్లు జర్మనీ లీగ్ గెలిచింది.

కాబట్టి నా వాదన ఇది: లీగ్‌ను పోగొట్టుకునే అవకాశం నిజంగా ఎంత ఉండిందో, ఆ ట్రెబుల్‌కు అంత బరువు ఇవ్వాలి. 1999లో యునైటెడ్ 79 పాయింట్లతో ఇంగ్లండ్ లీగ్ గెలిచినప్పుడు ఆర్సెనల్‌కు 78 ఉన్నాయి. చివరి రోజు దాకా తేలని లీగ్ అది. దాని పక్కన, మార్చి నెలకే ఎవరిదో తెలిసిపోయే లీగ్‌ను పెట్టి రెండూ ఒకటే అనడం నాకు న్యాయంగా తోచడం లేదు.

కాజీపేట గోల్‌కీపర్:

సుబేదారి వాసి గారూ, మీ వాదనలో లీగ్ ఒక్కటే మిగిలింది. మిగతా రెండు ట్రోఫీలను లెక్కలోంచే తీసేశారు. నేను కాజీపేట రైల్వే మైదానంలో చాలా ఏళ్లు గోల్ ముందు నిలబడ్డవాణ్ణి. ముప్పై ఎనిమిది మ్యాచ్‌ల లీగులో ఒక తప్పు చేస్తే దిద్దుకోవడానికి ఇంకో వారం ఉంటుంది. నాకౌట్‌లో ఆ వారం ఉండదు. ట్రెబుల్‌ను కష్టం చేసేది అదే.

పీఎస్‌జీకి లీగ్ సులువని మీరన్నది నిజమే కావచ్చు, కానీ ఆ సీజను యూరప్‌లో వాళ్లు నడిచిన దారి చూడండి. 36 జట్ల లీగ్ దశలో మూడు మ్యాచ్‌లు ఓడి పదిహేనో స్థానంలో నిలిచారు. జనవరిలో మాంచెస్టర్ సిటీ చేతిలో 0-2తో వెనుకబడి, 4-2తో గెలవకపోయి ఉంటే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించండి. లివర్‌పూల్ పారిస్‌కు వచ్చి 1-0తో గెలిచిపోయింది. అంతే తేడాతో లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో బదులు తీర్చుకున్నాక, పెనాల్టీ షూటవుట్‌లో పీఎస్‌జీ గోల్‌కీపర్ డొన్నరుమ్మా రెండు ఆపితే గాని ముందుకు పోలేదు. మొత్తం మీద యూరప్‌లోనే 17 మ్యాచ్‌లు ఆడారు. 1967లో సెల్టిక్‌కు తొమ్మిది సరిపోయాయి, 1999లో యునైటెడ్‌కు అర్హత రౌండుతో కలిపి పదమూడు.

ఇంకోటి చెప్పాలి. 1988 పీఎస్‌వీ గురించి ఎవరూ గొప్పగా మాట్లాడరు, ఎందుకంటే క్వార్టర్ ఫైనల్ నుంచి ఫైనల్ దాకా ఐదు మ్యాచ్‌లు ఆడి ఐదూ డ్రా చేశారు. బోర్డోతో 1-1, 0-0. రియల్ మాడ్రిడ్‌తో 1-1, 0-0. బెన్ఫికాతో ఫైనల్ 0-0, ఆపైన షూటవుట్‌లో 6-5, చివరి పెనాల్టీ ఆపింది గోల్‌కీపర్ హాన్స్ వాన్ బ్రూకెలెన్. దీన్ని అదృష్టమంటారు. ఐదు రాత్రులు వరుసగా ఓటమిని గుమ్మం బయటే నిలబెట్టిన జట్టును అదృష్టవంతులని తీసిపారేస్తే, గోల్ ముందు నిలబడ్డ ఎవరికైనా మనసు కష్టపడుతుంది.

కరీంనగర్ లెక్కల సార్:

ఇద్దరి మాటలూ శ్రద్ధగా చదివాను. సుబేదారి వాసి గారి అంకెలు సరైనవే, వాటి నుంచి తీసిన ఫలితంతోనే నాకు పేచీ. పాయింట్ల తేడా ఎక్కువగా ఉందంటే దానికి రెండు కారణాలు ఉండవచ్చు: పోటీ జట్లు బలహీనం కావడం ఒకటి, గెలిచిన జట్టు అసాధారణం కావడం రెండోది. ఒక్క తేడాను చూసి ఈ రెండింటిలో ఏదో చెప్పడం కుదరదు.

2013 బయెర్న్‌ను తీసుకోండి. వాళ్లకు 91 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న డార్ట్‌మండ్‌కు 66. పాతిక పాయింట్ల తేడా. మీ కొలత ప్రకారం అది తేలికైన లీగ్. అయితే అదే డార్ట్‌మండ్ ఆ ఏడు యూరప్ మొత్తాన్ని దాటుకొని వెంబ్లీలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది, 89వ నిమిషంలో బయెర్న్ ఆటగాడు రాబెన్ కొట్టిన గోల్‌తో 2-1గా ఓడింది. యూరప్‌లో రెండో అత్యుత్తమ జట్టును సొంత లీగులో పాతిక పాయింట్లు వెనక ఉంచారంటే, అది లీగ్ పలచబడ్డ లక్షణమని ఎలా అంటాం? పైగా అంతకు ముందు సీజనులో ఇదే బయెర్న్ మూడింటిలోనూ రెండో స్థానంతో సరిపెట్టుకుంది, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను సొంత మైదానంలోనే చెల్సీకి షూటవుట్‌లో వదులుకుంది. ఆ అవమానం నుంచి ఏడాదిలో లేచిన జట్టు అది.

ఇక మీ కొలతనే ఒప్పుకుంటే, 1999 పక్కనే 2010 ఇంటర్‌ను కూర్చోబెట్టాలి. లీగులో ఇంటర్‌కు 82, రోమాకు 80. చివరి రోజు సియెనాలో 1-0తో గెలిచి టైటిల్ దక్కించుకున్నారు. కప్ ఫైనల్ కూడా అదే రోమా మీద 1-0. యూరప్‌లో చెల్సీని, అప్పటి విజేత బార్సిలోనాను, ఫైనల్లో బయెర్న్‌ను దాటారు. మూడు టైటిళ్లను ఖాయం చేసిన మ్యాచ్‌లలోనూ గోల్స్ కొట్టింది డియెగో మిలిటో ఒక్కడే. ఇటలీ క్లబ్బుల్లో ఇది సాధించింది వాళ్లొక్కరే. అయినా ట్రెబుల్ అనగానే మన దగ్గర 1999 గుర్తుకొస్తుంది గాని 2010 గుర్తుకు రాదు. మనం చిన్నప్పుడు టీవీలో ఏ లీగ్ చూశామో, మన తీర్పు మీద దాని ముద్ర ఉంటుందేమోనని నా అనుమానం.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్:

రెండో షిఫ్ట్ దిగి వచ్చాక ఇదంతా చదివాను. అందరూ 1999 నుంచి ఇటువైపే చూస్తున్నారు, 1967ను తొమ్మిది మ్యాచ్‌ల కథ అని ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు అది బాధ కలిగించింది.

సెల్టిక్ మేనేజర్ జాక్ స్టెయిన్ ఫుట్‌బాల్‌తో పూర్తిగా బతకడం మొదలుపెట్టక ముందు స్కాట్లాండ్‌లో ఏళ్ల తరబడి బొగ్గుగనిలో పనిచేసినవాడు. బావిలోకి దిగేటప్పుడు పక్కవాడి మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో తెలిసిన మనిషి జట్టును ఎలా కడతాడో మా ఊళ్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఆయన జట్టంతా సెల్టిక్ పార్కు చుట్టూ 30 మైళ్ల లోపల పుట్టినవాళ్లే. 30 మైళ్లంటే 48 కిలోమీటర్లు. వరంగల్‌ను మధ్యలో పెట్టి అంత గీత గీస్తే నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట లోపల పడతాయి, జనగామ బయటే ఉండిపోతుంది. అంత చిన్న గీతలో దొరికిన పిల్లలు 1967 మే 25న లిస్బన్‌లో, అప్పటికే రెండుసార్లు యూరప్ విజేత అయిన ఇంటర్‌ను, మొదట పెనాల్టీ గోల్‌తో వెనకబడి కూడా, జెమ్మెల్, చామర్స్ గోల్స్‌తో 2-1గా ఓడించారు. యూరోపియన్ కప్ గెలిచిన మొదటి బ్రిటిష్ క్లబ్బు వాళ్లదే. ఆ సీజనులో స్కాటిష్ లీగ్ కప్‌ను, గ్లాస్గో కప్‌ను కూడా వదల్లేదు. మూడు కాదు, ఐదు.

వాళ్ల లీగ్ చిన్నదనే మాట కూడా వస్తుంది. రెండో స్థానంలో ఉన్న రేంజర్స్ మూడు పాయింట్ల దూరంలోనే ఉంది. అదే రేంజర్స్ ఆ ఏడాది యూరప్‌లోని రెండో పెద్ద పోటీ, కప్ విన్నర్స్ కప్ ఫైనల్ దాకా పోయి బయెర్న్ చేతిలో 1-0తో ఓడింది. ఒకే నగరంలోని రెండు క్లబ్బులు యూరప్ ఫైనల్స్ ఆడిన ఏడాది అది.

సుబేదారి వాసి గారికి ఒక మాట. అప్పట్లో యూరోపియన్ కప్ ఆడాలంటే ముందు సంవత్సరం సొంత లీగ్ గెలిచి ఉండాలి, లేదా అంతకు ముందు ఏటి యూరోపియన్ కప్ విజేతే అయి ఉండాలి. 1998లో ఇంగ్లండ్ ఛాంపియన్ ఆర్సెనల్. యునైటెడ్ రెండో స్థానం. రెండో స్థానంలో ఉన్నవాళ్లకు తలుపు తీసింది 1997లోనే. కాబట్టి మీరు నెత్తిన పెట్టుకున్న 1999 కూడా, మీరు తప్పుపడుతున్న కొత్త ఏర్పాటులోనే సాధ్యమైంది. ఈ మాట మీ మనసు నొప్పించడానికి కాదు. స్టెయిన్ పిల్లలకు రావలసిన గౌరవం రావాలని.

సుబేదారి వాసి:

గోదావరిఖని అన్న చెప్పింది కాదనలేను. రెండో స్థానం సంగతి నాకు తెలిసినా, నా వాదనకు అది అడ్డు వస్తుందని ఇప్పటిదాకా ఆలోచించలేదు. లెక్కల సార్ చూపించిన డార్ట్‌మండ్ ఉదాహరణ తరువాత, పాయింట్ల తేడా ఒక్కటే కొలత కాదని కూడా ఒప్పుకుంటున్నాను.

అయినా 1999ను వదులుకోలేను. ఆ జట్టు ఇంగ్లండ్ కప్ దారిలో ఫుల్‌హామ్ తప్ప ఎదురైనవాళ్లందరూ ప్రీమియర్ లీగ్ జట్లే: మిడిల్స్‌బ్రో, లివర్‌పూల్, చెల్సీ, ఆర్సెనల్, న్యూకాజిల్. చెల్సీతో డ్రా అయి మళ్లీ ఆడాల్సిన మ్యాచ్, అంటే రీప్లే, ఆర్సెనల్‌తో సెమీస్‌లో మళ్లీ రీప్లే. ఏప్రిల్ 14న విల్లా పార్కులో కీన్ రెడ్ కార్డుతో బయటికి పోయి పదిమంది మిగిలారు, స్కోరు 1-1, ఇంజురీ టైమ్‌లో ఆర్సెనల్ ఆటగాడు బెర్గ్‌క్యాంప్ పెనాల్టీ. యునైటెడ్ గోల్‌కీపర్ ష్మైకెల్ దాన్ని ఆపకపోతే కప్ అక్కడే పోయేది. అదనపు సమయంలో గిగ్స్ సొంత సగం నుంచి ఒక్కడే బంతిని తీసుకుపోయి గోల్ కొట్టాడు. సరిగ్గా వారానికి టురిన్‌లో యువెంటస్ మీద 0-2 నుంచి 3-2. మే 16న లీగ్, 22న కప్, 26న బార్సిలోనాలో ఫైనల్: పదకొండు రోజుల్లో మూడూ తేలాయి. ఆ ఫైనల్‌కు కీన్, స్కోల్స్ ఇద్దరూ నిషేధంలో ఉన్నారు. ఇంజురీ టైమ్‌లో రెండు గోల్స్ కొట్టిన షెరింగ్‌హామ్, సోల్‌షార్ ఇద్దరూ సబ్‌స్టిట్యూట్లు. అప్పుడు ముగ్గురిని మాత్రమే మార్చుకోవచ్చు. ప్రీమియర్ లీగులో ఐదుగురిని మార్చుకునే నిబంధన స్థిరపడింది 2022-23లో, సిటీ ట్రెబుల్ గెలిచిన సీజనులోనే. ఇంగ్లండ్ కప్ ప్రధాన రౌండ్లలో రీప్లేలు 2024-25 నుంచి అసలే లేవు. నిబంధనలు మారుతున్న కొద్దీ పెద్ద స్క్వాడ్ ఉన్న ధనిక క్లబ్బుకు దారి నునుపవుతోంది. నా వాదనలో ఈ భాగాన్ని మాత్రం ఎవరూ కదిలించలేదు.

కరీంనగర్ లెక్కల సార్:

రీప్లేల మాట, సబ్‌స్టిట్యూట్ల మాట ఒప్పుకుంటాను. బయెర్న్ 2020 మీద కూడా ఆ షరతు రాసుకోవాలి: కోవిడ్ కారణంగా క్వార్టర్ ఫైనల్ నుంచి ఒక్కో మ్యాచ్‌తోనే తేల్చారు. కానీ వాళ్లు ఆ పోటీలో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచారు, బార్సిలోనాను 8-2తో కొట్టారు. రెండో మ్యాచ్ ఉండి ఉంటే ఫలితం మారేదని నేను అనుకోను.

కాజీపేట గోల్‌కీపర్:

ఇప్పటిదాకా ట్రెబుల్ అంటే యూరప్ లెక్కే పట్టుకున్నాం. మన దేశంలో 1996 దాకా జాతీయ లీగే లేదు. బొంబాయిలో రోవర్స్ కప్, ఢిల్లీలో డ్యూరాండ్ కప్, కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్, ఈ మూడూ ఒకే సీజనులో గెలవడమే ఇక్కడ ట్రెబుల్. 1977లో మోహన్ బగాన్, 1990లో ఈస్ట్ బెంగాల్ ఆ పని చేశాయి. మూడూ కప్పులే కనుక, లీగ్ బరువుతో కొలిచే పద్ధతి వాటికి అసలు పనికిరాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లోను 1954లోను రోవర్స్, డ్యూరాండ్ రెండూ గెలిచింది. మూడోది రాలేదు కాబట్టి ఏ జాబితాలోనూ దాని పేరు ఉండదు. కానీ రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఆ జట్టు ఇంకెవరికీ వదల్లేదు.

సరిగ్గా అలాంటి ఐదేళ్లు యూరప్‌లో రియల్ మాడ్రిడ్‌వి, 1956 నుంచి 1960 దాకా. ఇప్పటికి పదిహేను యూరప్ కప్పులు ఉన్న ఆ క్లబ్బుకు ఒక్క ట్రెబుల్ కూడా లేదు. 1958లో చేతికి అందేంత దగ్గరికి వచ్చింది: స్పెయిన్ లీగ్ వాళ్లదే, యూరప్ కప్ వాళ్లదే, మిగిలిన కప్ ఫైనల్ కూడా సొంత మైదానం బెర్నబ్యూలోనే. ఎదురుగా అథ్లెటిక్ బిల్బావో, తమ బాస్క్ ప్రాంతపు ఆటగాళ్లను తప్ప ఎవరినీ తీసుకోని క్లబ్బు. గోదావరిఖని అన్న గీసిన గీత లాంటి గీతలో నుంచి వచ్చిన జట్టు. 2-0తో బిల్బావో గెలిచింది.