పాత కారు సైలెన్సర్ రబ్బర్లు ఎలా మార్చాలి?

ప్రశ్న: పాత మారుతి 800. రాయగడ–కోరాపుట్ ఘాట్‌లో గుంత తగిలితే చాలు, కింద టకటకమంటోంది. సైలెన్సర్‌ని వేలాడదీసే వెనక రబ్బరు ఒకటి తెగింది, దాన్ని పట్టుకునే బ్రాకెట్ తుప్పు పట్టింది. ప్రస్తుతానికి ఇనప తీగతో కట్టాను. ఆ ఒక్కటీ మారిస్తే చాలా అండీ?

జవాబు 1: తీగ ముందు తీసెయ్యండి. రబ్బరు పీల్చుకునే అదురు తీగ గుండా నేరుగా బాడీకి వెళ్తుంది. రబ్బర్లన్నీ ఒకేసారి మార్చండి. కొత్తదొక్కటే బిగిస్తే బరువు దానిమీదే పడుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, కారుని స్టాండ్ల మీద నిలబెట్టి, సైలెన్సర్ కింద చెక్క పెట్టి ఆనించండి. వదిలేస్తే ఆ బరువుకి ముందు పైపు జాయింటు దగ్గర గ్యాస్కెట్ (పొగ బయటికి రాకుండా ఆపే పొర) పోతుంది. రబ్బరు తొడిగి ఉన్న కడ్డీకి సబ్బునీళ్లు రాసి రబ్బరుని మెలితిప్పుతూ లాగండి. ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది.

జవాబు 2: బ్రాకెట్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పైపొర తుప్పే అయితే తీగబ్రష్‌తో గీకి, వేడికి తట్టుకునే పెయింటు వేస్తే చాలు. మొన గుచ్చుకుపోతే కొత్తది వెల్డింగ్ చేయించాల్సిందే. బ్యాటరీ నెగెటివ్ వైరు తీయకుండా గానీ, పెట్రోల్ ట్యాంకు దగ్గర గానీ వెల్డింగ్ చేస్తానంటే ఒప్పుకోకండి. బ్రాకెట్ విప్పి బయట చేయించడం మేలు.

ప్రశ్న అడిగినవారు: బిగించాక సరిగ్గా కుదిరిందని ఎలా తెలుస్తుంది?

జవాబు 1: చల్లగా ఉన్నప్పుడే సైలెన్సర్‌ని చేత్తో నలుపక్కలా ఊపండి. కొంచెం ఊగాలి, ఎక్కడా బాడీకి తగలకూడదు.