అప్‌డేట్: క్వాంటమ్ డాట్లతో ద్రవ లేజర్ చివరికి వచ్చింది

నీళ్లలో క్వాంటమ్ డాట్లు (కాంతి పీల్చి తమ రంగులో వెలిగే నానో స్ఫటికాలు) కలిపి సన్నటి గాజు క్యాపిలరీలోకి పంపితే, బయటి కాంతి పల్స్‌లతో ఎంత పంప్ చేసినా (శక్తి అందించినా) మామూలు వెలుగే తప్ప లేజర్ రావట్లేదని పోయిన నెల అడిగింది నేనే.

ఇబ్బంది అమరికలో లేదు, డాట్లలోనే ఉందని మీలో ఒకరు చెప్పారు. ఒకే డాట్‌లో రెండు ఎక్సైటాన్లు (కాంతి పీల్చినప్పుడు పుట్టే ఎలక్ట్రాన్-హోల్ జతలు) చేరితే, ఒక జత శక్తి వెలుగుగా రాకుండా ఇంకో కణానికి పోయే ఆగర్ ప్రక్రియ వల్ల పికోసెకన్లలోనే ఆ శక్తి వేడైపోతుంది. నా పంప్ పల్స్ 5 నానోసెకన్లు, ఇక నిలిచేదెక్కడ! డాట్‌తో లేజర్ చేయించకండి, పక్కనున్న రంగు అణువులకి శక్తినిచ్చే దాతగా వాడండి అన్నారు.

అదే చేశాను. స్ట్రెప్టావిడిన్ (బయోటిన్‌ని గట్టిగా పట్టుకునే ప్రోటీన్) పూత ఉన్న డాట్లకి బయోటిన్ తగిలించిన సై5 అనే ఫ్లోరసెంట్ రంగు కలిపాను, ఒక్కో డాట్‌కి చాలా అణువులు అంటుకునేలా. పంప్ 450 నానోమీటర్లు: అక్కడ డాట్లు బాగా పీల్చుకుంటాయి, సై5 దాదాపు ముట్టుకోదు. 605 నానోమీటర్ల దగ్గరి డాట్ల వెలుగు పడిపోయింది. 700 దాటాక స్పెక్ట్రమ్‌లో సూదుల్లాంటి గీతలు లేచాయి, అంటే సై5 లేజర్ ఇచ్చింది! పంప్ తగ్గిస్తే పోతాయి, పెంచితే మళ్లీ వస్తాయి.

నమ్మకం కుదరక బయోటిన్ లేని, అంటే డాట్లకి అంటుకోని సై5నీ అంతే గాఢతలో కలిపి చూశాను. ఒక్క గీతా లేదు. డాట్ నుంచి రంగుకి శక్తి బదిలీ, దూరం పెరిగేకొద్దీ ఆరో ఘాతంతో పడిపోతుందని చదివాను, కళ్లారా చూడటం మాత్రం ఇదే మొదలు.

రంగు త్వరగా మాడిపోతోంది. అందుకే సిరంజ్ పంపుతో కొత్త ద్రవం పారిస్తున్నాను. ఆ సలహా ఇచ్చినవారికి మనస్ఫూర్తిగా థాంక్స్ అండీ.