నలుగుపిండా, సున్నిపిండా: ప్యాకెట్ మీద ఏం రాయాలి?

చర్చ మొదలు, కొళత్తూరు (చెన్నై) నుంచి:

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో కొంతమంది ఆడవాళ్లం కలిసి ఒంటికి రుద్దుకునే పిండి ఇంట్లోనే తయారుచేసుకుంటున్నాం. పెసలు, కస్తూరి పసుపు, వట్టివేళ్లు, గులాబీ రేకులు, తంగేడు పూలు బాగా ఎండబెట్టి మిల్లులో ఆడిస్తాం. తెలిసినవాళ్లు అడిగితే కొంచెం కొంచెం ఇస్తున్నాం. తమిళులకిచ్చే ప్యాకెట్ మీద ‘నలంగు మావు’ (మావు అంటే పిండి) అని రాస్తే వాళ్లకు వెంటనే అర్థమవుతోంది. తెలుగువాళ్లకు ఏం రాయాలన్న దగ్గర ఆగిపోయాం. ఒకరు నలుగుపిండి అంటున్నారు, ఒకరు సున్నిపిండి అంటున్నారు, మా అమ్మాయి ‘హెర్బల్ బాత్ పౌడర్’ అని తెలుగు అక్షరాల్లో రాసేయమంటోంది. మీరేమంటారు?

విల్లివాక్కం నుంచి:

అమ్మా, నా మాట నలుగుపిండి వైపే. సున్నిపిండి తప్పని కాదు. నెల్లూరులో మా పుట్టింట్లో డబ్బాలో ఉన్నదాన్ని సున్నిపిండి అనే అనేవాళ్లం. కానీ సున్నిపిండి అంటే డబ్బాలో ఏముందో తెలుస్తుంది, నలుగు అంటే దానితో ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఇప్పుడు కొనుక్కునేవాళ్లకు తెలియనిది ఆ రెండోదే.

నలపడం, నలచడం, నలిగిన బట్ట, నలిపిన ఆకు: ఇవన్నీ చేతి ఒత్తిడి చుట్టూ ఉన్న మాటలు. ఒంటికి నూనె పట్టించి, కాసేపు ఆగి, తడిపిన పిండి పెట్టి రుద్దండి. మొదట జారుతుంది. తర్వాత ఒంటిని పట్టుకుంటుంది. ఇంకా రుద్దితే నూనెనీ మురికినీ తనలోకి తీసుకుని సన్నని వత్తుల్లా రాలడం మొదలవుతుంది. అలా నలిగి రాలేదాకా రుద్దాక నీళ్లు పోసుకోవాలి. ఇంత పద్ధతీ ఆ మూడక్షరాల మాటలో ఉంది.

వినాయక చవితి కథ గుర్తు చేసుకోండి. పార్వతీదేవి స్నానానికి సిద్ధమవుతూ నలుగుపిండితో బాలుడి బొమ్మ చేసి, ప్రాణం పోసి, వాకిట కాపలా ఉంచిందని ఏటా చదువుకుంటాం. పొడిపిండితో బొమ్మ నిలవదు. నీళ్లలో జారుగా కలిపినా నిలవదు. నూనె ఒంటి మీద నలిగిన పిండి మాత్రం ముద్దగా చేతికి వస్తుంది. వెనకటి పిల్లలకు దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు, పండగ పూట వాళ్ల ఒంటి మీదే చూసుకునేవాళ్లు.

నేనింత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. కొంతకాలంగా చేత్తో చేసిన సబ్బులు, పొడులు, తల నూనెలు తెప్పించుకుని వాడి చూస్తున్నాను. చెన్నైలో ఇప్పుడు ఇలాంటివి చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో ఎక్కువమంది శ్రద్ధగా చేస్తున్నారు, ప్యాకెట్ విప్పగానే వాసన బట్టే తెలిసిపోతుంది. కానీ నేను తెప్పించుకున్న స్నానపు పొడుల మీద వాడే పద్ధతి దాదాపు ఒకే మాట: ‘సబ్బుకు బదులు వాడండి’. నూనె ఊసే లేదు. మా కోడలు అందులో ఒకటి అలాగే వాడింది. ఒళ్లు తెల్లగా పొడిబారి, దురద పుట్టి, మన పాత పద్ధతులే మంచివి కావన్న అభిప్రాయానికి వచ్చేసింది. పెసరపిండి జిడ్డును పీల్చుకునే పదార్థం. పైన పట్టించిన నూనె లేకపోతే చర్మానికి సొంతంగా ఉన్న కాస్త జిడ్డునూ లాగేస్తుంది. నూనె పెట్టి, నలుగు పెట్టి చూపించాక అదే పొడిని ఇప్పుడు ఇష్టంగా వాడుతోంది. ఈ పిల్లలకు అందాల్సింది పొడి ఒక్కటే కాదు, ఆ మాట కూడా అందాలి.

అనకాపల్లి నుంచి:

అక్కా, మీరు చెప్పిన పద్ధతి అక్షరాలా నిజం. కానీ మా ఇళ్లలో నలుగు అంటే పెళ్లే. పెళ్లికూతుర్ని, పెళ్లికొడుకుని చేసేటప్పుడు ముత్తయిదువలు చేరి పెట్టేది నలుగు. నలుగు పాటలని ప్రత్యేకంగా పాటలే ఉన్నాయి కదా. సెలవు రోజున పిల్లలకు రుద్దేది మాత్రం సున్నిపిండి. నలుగుపిండి అన్న ప్యాకెట్ కనిపిస్తే నేను పెళ్లి సామాను అనుకుంటాను.

వరంగల్ నుంచి:

మా దిక్కు కూడా నలుగు పెట్టుడంటే పెండ్లే ముందు గుర్తొస్తది. అయితే మా అమ్మమ్మ చంటిపిల్లలకు స్నానం చేయించేటప్పుడు కూడా ‘నలుగు పెట్టి నీళ్లు పోద్దాం’ అనేది. అంటే పెండ్లికే కట్టేసిన మాట కాదు.

విల్లివాక్కం నుంచి:

మీ ఇద్దరి మాటా కలిపి చూస్తే విషయం ఇంకా స్పష్టంగా ఉంది. సున్నుండలో ఉన్న సున్నే సున్నిపిండిలోనూ ఉన్నది. ఒకటి తినడానికి, ఒకటి రుద్దుకోవడానికి. రెండింటిలోనూ పప్పు విసిరిన పిండి అన్నదే అర్థం. అది వస్తువు పేరు. నలుగు పని పేరు. ఆ పని పెళ్లిలో నలుగురి మధ్యా జరిగేసరికి మాట అక్కడ బాగా వినిపిస్తోంది, ఇంటి స్నానాల గదిలో పని ఆగిపోయేసరికి అక్కడ మాట కూడా వినిపించడం మానేసింది.

తమిళంలో చూడండి. చాలా బ్రాహ్మణ పెళ్లిళ్లలో నలంగు అంటే వధూవరులు ఎదురెదురుగా కూర్చుని కొబ్బరికాయ దొర్లించుకోవడం, ఒకరి తల మీద ఒకరు అప్పడాలు చిదపడం, ఆడవాళ్లు పాటలు పాడటం. ఆ వేడుక అలా ఉండగానే, నలంగు మావు అని అడిగి రోజువారీ స్నానానికి కొనుక్కుంటున్నారు. ఒక మాట వేడుకలోనూ వాడుకలోనూ నిలబడగలదని ఈ ఊళ్లోనే కనిపిస్తోంది. నలుగు, నలంగు ఎవరు ఎవరి దగ్గర తెచ్చుకున్నారన్న వాదన ఇక్కడ వద్దు. రెండు ఇళ్లలోనూ అవే చేతులు, అదే పిండి.

తిరుపతి నుంచి:

సంస్కృతంలో దీన్ని ఉద్వర్తనం అంటారు. వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం దినచర్య అధ్యాయంలో వరుస ఇలా ఉంటుంది: అభ్యంగం (నూనె మర్దన), వ్యాయామం, ఉద్వర్తనం, స్నానం. నూనె ముందు, పిండి తర్వాత అని మీరన్నదానికి ఇది ఆధారం. ప్యాకెట్ మీద ‘ఉద్వర్తన చూర్ణం’ అంటే గౌరవంగా ఉంటుందేమో ఆలోచించండి.

విల్లివాక్కం నుంచి:

వరుస చెప్పినందుకు చాలా సంతోషం అండీ, అది వెనకవైపు పద్ధతి రాసేటప్పుడు పనికొస్తుంది. పేరుగా మాత్రం వద్దు. అమ్మమ్మ నోట విన్న మాట ఇంకా బతికుండగా గ్రంథం నుంచి ఇంకో మాట తెచ్చి పైన పెట్టక్కర్లేదు. మన మాటకు గౌరవం తక్కువేమీ లేదు.

వేళచ్చేరి నుంచి:

అక్కా, ఇది తల విషయం. నాకు ‘హెడ్ బాత్’ అన్న మాటే అలవాటు. అమ్మ ఫోన్‌లో ‘తలంటుకున్నావా’ అని అడుగుతుంది. రెండూ ఒకటేనా? ఇంకో సంగతి, చేత్తో చేసిన షాంపూ బార్ ఒకటి కొని వాడాను. రసాయనాలు లేవని రాశారు. కానీ మా బోరు నీళ్లతో కడిగితే జుట్టు మైనం పూసినట్టు అంటుకుపోతోంది. అలవాటు పడేదాకా ఆగమంటున్నారు. ఆగితే పోతుందా?

విల్లివాక్కం నుంచి:

ఒకటి కాదు చెల్లీ. తలంటులో అంటడం ఉంది. తలకు నూనె అంటడం. నూనె పెట్టి, మాడుకు ఇంకేలా వేళ్లతో మర్దించి, తర్వాత కుంకుడు రసంతోనో శీకాయతోనో రుద్దిపోసుకుంటే తలంటు. నూనె లేకుండా కడుక్కుంటే తలస్నానం. భోగి నాడు, నరక చతుర్దశి నాడు మనం చేసేది తలంటే. ఇక్కడ తమిళులు దీపావళి తెల్లవారుజామున నూనె పెట్టి పోసుకుని, ‘గంగా స్నానం ఆచ్చా?’ (అయిందా?) అని పలకరించుకుంటారు కదా, అదీ ఇదే.

షాంపూ అన్న మాట కథ కూడా ఇలాంటిదే. హిందీలో ‘చాంప్‌నా’ అంటే నొక్కడం, పిసకడం. ‘చాంపో’ అంటే ‘నొక్కు’. 1759లో పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ ఇంగ్లండ్ వెళ్లి బ్రైటన్‌లో స్నానశాల పెట్టి, ఆవిరి స్నానం, ఒంటి మర్దనలకు పేరు తెచ్చుకున్నాడు. రాజు నాలుగో జార్జ్‌కు ‘షాంపూయింగ్ సర్జన్’గా నియమితుడయ్యాడు. అంటే అప్పటికి షాంపూ అంటే మర్దన. జుట్టు కడగడం అన్న అర్థం పంతొమ్మిదో శతాబ్దంలోనే కొన్నాళ్ల తర్వాత వచ్చింది, ఆ తర్వాత అది సీసాలోని ద్రవం పేరైంది. తలంటుకు ఆ గతి పట్టకూడదని నా తపన. మీ అమ్మగారు అడిగిన ప్రశ్నలో నూనె ఉంది, వేళ్లున్నాయి, తీరిక కూడా ఉంది. హెడ్ బాత్‌లో అవేవీ లేవు.

బార్ సంగతి రసాయనశాస్త్రం తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

గుంటూరు నుంచి (రసాయనశాస్త్రం బోధిస్తాను):

చెప్తానమ్మా. ముందు ఆ బార్ మీద పదార్థాల జాబితా చూడండి. కొబ్బరి నూనె, ఆముదం లాంటివాటిని సోడియం హైడ్రాక్సైడ్‌తో కలిపి చేసినదైతే అది సబ్బు, పేరు షాంపూ అయినా సరే. చేత్తో చేసిన సబ్బును కొన్ని వారాలు ఆరబెట్టాక వాడతారు, అది మంచి పద్ధతే. కానీ సబ్బు ఏదైనా క్షారమే, పీహెచ్ సుమారు 9, 10 మధ్య ఉంటుంది. చర్మం పైపొర కొద్దిగా ఆమ్లం. పైగా బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువుంటే సబ్బు వాటితో కలిసి కరగని తెట్టు కడుతుంది. బకెట్ అంచున పేరుకునేది అదే, మీ జుట్టు మీద మైనంలా ఉన్నదీ అదే. ఆగితే పోదు, నీళ్లు మారితే పోతుంది. కుంకుడులోనూ శీకాయలోనూ నురుగు తెచ్చేవి సపోనిన్లు. అవి అలాంటి తెట్టు కట్టవు. బోరు నీళ్ల ఊళ్లో కుంకుడుకాయే మేలు. రసం కంట్లో పడకుండా చూసుకోండి, బాగా మండుతుంది.

రసాయనాలు లేవు అన్న మాట మీద కూడా ఈ సమూహంలో ఒకసారి చర్చ జరగాలి. నీళ్లూ రసాయనమే, సపోనిన్ కూడా రసాయనమే. ‘ఏమేం వేశామో ఇదిగో’ అని రాయడం దానికన్నా నిజాయితీగా ఉంటుంది.

కొళత్తూరు నుంచి:

అందరికీ కృతజ్ఞతలు. చాలావరకు తేలిపోయింది. ఒక్క సందేహం. పార్క్ టౌన్ రాసప్ప చెట్టి వీధికి వెళ్లాను, నాటు మందుల కొట్లన్నీ అక్కడే ఉంటాయి కదా. నలంగు మావుకి అని చెబితే అన్నీ కట్టిస్తూ ‘కార్పోగరిసి’ కూడా కలపమన్నారు. నల్లని చిన్న గింజలు, ఘాటైన వాసన. తెలుగులో ఏమంటారు? వెయ్యమంటారా?

విల్లివాక్కం నుంచి:

అవి మన బావంచాలు. మన పాత సున్నిపిండి దినుసుల్లోనూ కచోరాల పక్కన వినిపించే పేరే. కానీ అమ్మా, అందరికీ ఇచ్చే ప్యాకెట్‌లో అవి వెయ్యకండి. బావంచాల్లో సొరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి పొక్కులు రావచ్చు, నల్ల మచ్చలు మిగలొచ్చు. బొల్లికి వైద్యులు సొరలెన్ ఇచ్చి, లెక్క ప్రకారం అతినీలలోహిత కాంతి చూపించేది కూడా ఆ గుణం వల్లే. అంత పనిచేసే గింజను కొలత లేకుండా పిండిలో కలిపి, చెన్నై ఎండలో బండి మీద ఆఫీసుకు వెళ్లే పిల్లలకు ఇవ్వకూడదు. పసిపిల్లలకు అసలే వద్దు. ముఖానికి నిమ్మరసం పిండి ఎండలోకి వెళ్లొద్దనేది కూడా ఇలాంటి కారణానికే.

ఆ కొట్లలో అడగడానికి మిగతా పేర్లు కూడా చెప్పేస్తాను, తెలుగువాళ్లు అక్కడే తడబడతారు. కుంకుడుకాయ పూందిక్కొట్టై. శీకాయ సీయక్కాయ్. తంగేడు పువ్వు ఆవారంపూ. తుంగముస్తెలు కోరైక్కిళంగు. తల నూనెలో వేసే గుంటగలగరాకు కరిసలాంగణ్ణి, మందార సెంబరుత్తి. వట్టివేళ్లకు వెట్టివేర్ అంటే చాలు, ఇంగ్లీషువాళ్లు కూడా ఆ తమిళ మాటనే తీసుకున్నారు. కస్తూరి పసుపు కస్తూరి మంజళ్. వంట పసుపు ఇస్తే తీసుకోకండి, ఒంటికీ తువ్వాలుకీ రంగు అంటుకుంటుంది.

ఇంకో మాట. పిండిని పొడిగానే ఇవ్వండి. నీళ్లో పాలో కలిపి ముద్దగా డబ్బాలో పెట్టి ఇస్తే ఒకటి రెండు రోజుల్లోనే పులిసి బూజు పడుతుంది. ఏ పూట ముద్ద ఆ పూటే కలుపుకోవాలి. ఇక తెలిసినవాళ్లను దాటి బజారులో అమ్మకానికి పెట్టే ఆలోచన వస్తే సౌందర్య సాధనాల నియమాలు, 2020 కింద తయారీ లైసెన్సు కావాలి, ముందే చూసుకోండి.

కొళత్తూరు నుంచి:

బావంచాలు తీసేశాం. ప్యాకెట్ ముందువైపు పెద్ద అక్షరాల్లో ‘నలుగుపిండి’, దాని కింద చిన్నగా ‘సున్నిపిండి’. వెనకవైపు ఇలా రాద్దామనుకుంటున్నాం: ‘ముందు ఒంటికి నువ్వుల నూనె పట్టించి అరగంట ఆగండి. పిండిని నీళ్లతో ముద్దగా కలిపి, నలిగి రాలేదాకా రుద్దండి. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లు పోసుకోండి.’ ఏమైనా మార్చాలా?

అనకాపల్లి నుంచి:

బాగుంది. ఇలా రాస్తే నేను కూడా పెళ్లి సామాను అనుకోను. ‘గట్టిగా గీకకండి’ అని ఒక ముక్క చేర్చండి, రాలేదాకా అంటే కొందరు చర్మం ఎర్రబడేదాకా రుద్దేస్తారు.

విల్లివాక్కం నుంచి:

అవును, అది చేర్చండి. నేల జారుతుంది, నూనె కాళ్లతో నడవొద్దని కూడా. ఇవే వాక్యాలు తమిళ ప్యాకెట్ వెనక కూడా వెయ్యండి, నలంగు మావుని సబ్బులా వాడేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.