పత్రం మూడోసారి తిరిగొచ్చింది, ఎక్కడ పొరపాటు చేస్తున్నానో చెప్పండి

రాయగడ జిమ్ శిక్షకుడు (రాత్రి 10:40)
సాయంత్రం ఆరింటికి కంప్యూటర్ ముందు కూర్చున్నాను, ఇప్పుడు పదిన్నర దాటింది. శిక్షకుల పరీక్ష కోసం పత్రం పంపడం, చెల్లదని తిరిగి రావడం, ఇదే సరిపోయింది. ఇది మూడోసారి. అక్షరాలు మసకగా ఉన్నాయేమోనని బజారుకు వెళ్లి మళ్లీ స్కాన్ చేయించాను. ఫైలు పెద్దదయిందేమోనని తగ్గించాను. రెండు పేజీలను ఒకటి చేశాను. ఏం చేసినా అదే జవాబు. రుసుము డాలర్లలో కట్టేశాను, నాకు వచ్చే రెండు నెలల జీతం అది. ఈ పరీక్ష గట్టెక్కితేనే ఆ తర్వాత కరెక్టివ్ ఎక్సర్‌సైజ్ (ఒంటి కదలికలో లోపాలను వ్యాయామంతో దిద్దడం), దాని తర్వాత టెన్నిస్ పెర్ఫార్మెన్స్ కోర్సు చేద్దామని నా ఆశ. ఈ దారిలో వెళ్లినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. నిద్ర పట్టేలా లేదు.

గుణుపురం
ఏ సంస్థ? ఏ పత్రం?

జయపురం మాస్టారు
బాబూ, నా మాట విని ముందు ఆ విదేశీ కాగితాల వెంట పరుగు మానుకో. పటియాలాలో నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచి మన కోచ్‌లను తయారు చేస్తోంది. ఏడాది డిప్లొమా ఉంది. అంతకాలం ఇల్లు వదిలి ఉండలేనివారికి ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది. ప్రభుత్వ కోచ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే రోజున ఆ డిప్లొమాకు ఉన్న విలువ డాలర్లు పోసి కొన్నదానికి ఉండదు. ముప్ఫై ఏళ్లు పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. మన కొరాపుట్, రాయగడ పిల్లల కాళ్లలో ఉన్న సత్తువ నాకు తెలుసు. కొండ ఎక్కి బడికి వచ్చే పిల్లవాడికి కావలసింది మంచి మైదానం, కడుపునిండా తిండి, పక్కన నిలబడి చూసే గురువు. టెన్నిస్ నేర్పాలనుకుంటే అఖిల భారత టెన్నిస్ సంఘం వారి కోచ్ శిక్షణ ఉంది, అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య స్థాయిలు ఉన్నాయి. అక్కడ మొదలుపెట్టు.

పర్లాకిమిడి
ఇది పేరు గొడవే, సందేహం లేదు. సరిహద్దులో పుట్టిన తెలుగువాళ్లందరికీ ఉన్న బాధ ఇది. నా పదో తరగతి పత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరమే, అదీ ముందు. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, అదీ చివర. పాన్ కార్డులో మధ్యలో నాన్నగారి పేరు చేరింది. ఒడియాలో రాసిన పేరును ఇంగ్లిష్‌లోకి మార్చినవారు "రావు"ను ఒకచోట ఒకలా, మరోచోట మరోలా రాశారు. పరీక్ష కేంద్రంలో గుర్తింపు కార్డు మీద పేరు, మీరు నమోదు చేసుకున్న పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే లోపలికి రానివ్వరు, కట్టిన రుసుమూ పోతుంది. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అలాగే నమోదు చేయించుకోండి. మార్పు కావాలంటే పరీక్ష తేదీకి ముందే సంస్థకు రాయండి, ఆ రోజు గుమ్మం దగ్గర బతిమాలి లాభం లేదు. నేను ఒక బ్యాంకు పరీక్ష అలాగే పోగొట్టుకున్నాను.

రాయగడ జిమ్ శిక్షకుడు
అమెరికా సంస్థ అండి. తప్పు నాదో వాళ్లదో తేలకుండా సంస్థ పేరు రాయడం నాకు ఇష్టం లేదు. వ్యక్తిగత శిక్షకుల పరీక్ష. నా పేరు అన్ని చోట్లా సరిపోయింది, పాస్‌పోర్టు చూసే రాశాను. మాస్టారూ, మీ మాట కాదనను. కానీ పటియాలాకు వెళ్లి ఏడాది ఉంటే ఇక్కడ జిమ్ము ఎవరు చూస్తారు, ఇల్లు ఎలా గడుస్తుంది?

బరంపురం ఫిజియో
పత్రం సంగతి అలా ఉంచండి. "కరెక్టివ్" అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. ఏమి దిద్దుతారు? ఎవరు తప్పని చెప్పారు? నాలుగున్నర ఏళ్లు చదివి మేము రోగిని ముట్టుకుంటున్నాం. వారాంతాల్లో చదివి వచ్చినవారు భుజాలు సరిచేస్తామంటే నా దగ్గరకు చెడిపోయిన భుజాలు వస్తున్నాయి. ఇది కోపంతో రాయడం లేదు, పిల్లల మీద ప్రేమతో రాస్తున్నాను.

రాయగడ జిమ్ శిక్షకుడు
నాదీ అదే ప్రేమ అండి. ఇక్కడ క్లబ్బు కోర్టుకు పదమూడేళ్ల అమ్మాయి వస్తుంది, కుడిచేతి ఆట. గత నెల ఆమెను బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోచేతిని భుజం ఎత్తున పక్కకు పెట్టి, ముంజేతిని నిటారుగా నిలబెట్టించాను. అక్కడి నుంచి అరచేతిని పాదాల వైపు వాల్చమన్నాను. ఎడమచేయి బెంచీకి జానెడు దూరం దాకా వాలింది. కుడిచేయి సగంలోనే ఆగిపోయింది. ఇంకాస్త వాల్చబోతే భుజమే బెంచీ మీద నుంచి పైకి లేస్తోంది. నొప్పి లేదంటుంది. ఏం చేయాలో తెలియక ఆ రోజు సర్వీసు ఆపించి ఇంటికి పంపాను. తెలియక ఆపడం వేరు, తెలిసి నేర్పడం వేరు. నాకు ఆ రెండోది కావాలి.

బరంపురం ఫిజియో
మీరు చూసిన పద్ధతి సరైనదే, ఆపించడమూ మంచిదే. సర్వీసు చేసే చేయి లోపలికి (పాదాల వైపు) తిరగడం తగ్గి, బయటికి (తల వైపు) తిరగడం పెరగడం టెన్నిస్ ఆడేవారిలో తరచూ కనిపించేదే. అందుకే ఒక్క వైపు చూసి భయపడకూడదు. లోపలికీ బయటికీ కలిపి మొత్తం ఎంత తిరుగుతోందో రెండు చేతులకూ కొలిచి పోల్చండి. మొత్తం సమానంగా ఉంటే అది ఆటకు చేయి అలవాటుపడటం. మొత్తమే తగ్గి, లోపలి వైపు తేడా 20 డిగ్రీల దాకా ఉంటే నా లాంటివారి దగ్గరకు పంపండి. నొప్పి అన్న మాట వినబడిన రోజు మాత్రం మీరు ఏ వ్యాయామమూ చెప్పవద్దు.

బల్లార్షా
ఫిజియో గారూ, ఆ కోర్సుల్లోనూ అదే చెబుతారు. నొప్పి ఉంటే పంపించు, రోగం పేరు పెట్టకు అనేది మొదటి పాఠం. శిక్షకులకు పరీక్షలు పెట్టే అమెరికా సంస్థ ఎన్.ఎ.ఎస్.ఎం. వారి పద్ధతిలో నాలుగు మెట్లు: బిగిసిన కండరాన్ని ముందు వదులు చేయడం, తర్వాత సాగదీయడం, పని మరిచినదాన్ని మేల్కొల్పడం, చివరికి అన్నింటినీ కలిపి కదిలించడం. చేతులు పైకెత్తి గుంజీ తీయించి మోకాళ్లు లోపలికి పోతున్నాయా, మడమ లేస్తోందా అని చూస్తారు. ఇందులో చికిత్స ఎక్కడుంది? అయితే ఒక్క మాట. అందరూ సర్టిఫికెట్, సర్టిఫికేషన్ కలిపేస్తున్నారు. కోర్సు పూర్తి చేస్తే ఇచ్చే కాగితం సర్టిఫికెట్, అది ఇంట్లో ఎప్పటికీ ఉంటుంది. సర్టిఫికేషన్ అంటే పరీక్ష పెట్టి ఇచ్చే అర్హత, దానికి గడువు ఉంటుంది. ఎన్.ఎ.ఎస్.ఎం. శిక్షకుడి అర్హతను రెండేళ్లకోసారి 20 గంటల చదువు చూపించి పునరుద్ధరించుకోవాలి. అలాంటిదే మరో అమెరికా సంస్థ ఎన్.ఎస్.సి.ఎ. వారిది మూడేళ్లకోసారి.

జయపురం మాస్టారు
గడువు తీరిపోయేదాన్ని అర్హత అని ఎలా అంటారు? నేను నేర్చుకున్నది నాతోనే ఉంది కదా.

బల్లార్షా
మాస్టారూ, మీది ఉంటుంది. విషయం మారుతుంది. మా చిన్నప్పుడు ఆటకు ముందు కదలకుండా నిలబడి సాగదీయమన్నారు, ఇప్పుడు కదులుతూ ఒళ్లు వేడెక్కించమంటున్నారు.

గుణుపురం
ఆయన అడిగింది ఇది కాదు. తిరిగొచ్చిన పత్రం ఏది?

రాయగడ జిమ్ శిక్షకుడు
క్షమించండి, అది రాయనేలేదు. సి.పి.ఆర్. కార్డు, అంటే గుండె ఆగినవారిని ఛాతీ నొక్కి కాపాడడం నేర్చుకున్నట్టు ఇచ్చేది. మిగతావన్నీ తీసుకున్నారు.

గుణుపురం
ఎక్కడ చేశారు?

రాయగడ జిమ్ శిక్షకుడు
ఆన్‌లైన్‌లో. రెండు గంటల వీడియో, చివర ప్రశ్నలు. వెంటనే కార్డు వచ్చింది.

గుణుపురం
అదే కారణం. ఎన్.ఎస్.సి.ఎ. నియమాల్లో స్పష్టంగా ఉంది, పూర్తిగా ఆన్‌లైన్‌లో తీసుకున్న కార్డు పనికిరాదు. మీ సంస్థదీ అదే నియమం అయి ఉంటుంది, నిబంధనల పేజీ తీసి చదవండి. బోధకుడి ముందు చేతులతో చేసి చూపించాలి. ఎన్నిసార్లు స్కాన్ చేసినా అంతే.

బల్లార్షా
గుణుపురం వారు సరిగ్గా పట్టుకున్నారు. నేను ఆసుపత్రిలో నర్సుని, ఈ తరగతుల్లో సాయం చేస్తుంటాను, అందుకే రాస్తున్నాను. దీన్ని అడ్డంకి అనుకోకండి. తరగతిలో పెట్టే మనిషి బొమ్మ ఛాతీ మీద మొదటిసారి చేతులు పెట్టినవారు ఎంత బలంగా నొక్కాలో ఊహించలేరు. పెద్దవారికి కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. 30 నొక్కులకు రెండు శ్వాసలు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, అలసిపోయినవారు బరువు చేతుల మీదే ఉంచేసి మరిచిపోయేది అదే. రెండు నిమిషాలకే మణికట్లు వణుకుతాయి. ఎ.ఇ.డి. (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) అట్టలు ఒకటి కుడి వైపు కాలర్ ఎముక కింద, ఒకటి ఎడమ చంక కింద పక్కటెముకల మీద. చెమటతో తడిసిన ఛాతీని ముందు తుడవాలి. ఎండలో ఆడే కోర్టులో ఈ చివరి సంగతి మీకు అవసరం. వీడియో చూసి ఇది చేతికి రాదు.

పర్లాకిమిడి
విశాఖలో పెద్ద ఆసుపత్రుల్లో విచారించండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పద్ధతిలో నేర్పే తరగతా అని ముందే ఫోనులో అడగండి. కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. మళ్లీ చెబుతున్నాను.

బరంపురం ఫిజియో
ఇక్కడ ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలోనూ అడిగి చూడవచ్చు. నేనూ కనుక్కుంటాను.

గుణుపురం
ఇంకొకటి. ఆటగాళ్లతోనే పనిచేయాలనుకుంటే వ్యక్తిగత శిక్షకుడి పరీక్ష చాలదు. ఆటగాళ్ల బలం, దారుఢ్యం పెంచేవారికి ఎన్.ఎస్.సి.ఎ. పెట్టే సి.ఎస్.సి.ఎస్. పరీక్ష ఉంది. దానికి డిగ్రీ తప్పనిసరి.

రాయగడ జిమ్ శిక్షకుడు
డిగ్రీ చివరి ఏడాది మిగిలిపోయింది అండి. పూర్తి చేస్తాను.

జయపురం మాస్టారు
ముందు అది పూర్తి చెయ్యి బాబూ. ఈ విషయంలో నాకూ వాళ్లకూ తేడా లేదు.

కొత్త సభ్యుడు, ఛత్రపూర్
టెన్నిస్‌కే ప్రత్యేకంగా ఐ.టి.పి.ఎ. అనే అంతర్జాతీయ సంస్థ ఉంది. టెన్నిస్ పెర్ఫార్మెన్స్ ట్రైనర్, ఆపైన స్పెషలిస్ట్, మాస్టర్ అని మెట్లున్నాయి. ఫోర్‌హ్యాండ్ నేర్పడానికి కాదు, ఒళ్లు సిద్ధం చేయడానికి. "టెన్నిస్ కోచ్" అని బోర్డు పెట్టుకోవడానికి అది చాలదు, అందుకు మాస్టారు చెప్పిన టెన్నిస్ సంఘం వారి శిక్షణే కావాలి.

బరంపురం ఫిజియో
అలాగే "పెర్ఫార్మెన్స్ కోచ్" అనే మాట కూడా...

గుణుపురం
ఆ చర్చ వేరే పెట్టండి.

రాయగడ జిమ్ శిక్షకుడు (మర్నాడు ఉదయం 7:15)
విశాఖలో తరగతి దొరికింది, వచ్చే ఆదివారం. ఉదయం రైలుకు వెళ్తున్నాను. అమ్మాయి రెండు చేతులూ కొలిచాక ఫిజియో గారికి రాస్తాను. అందరికీ ధన్యవాదాలు.

సిరోంచ
నాదీ ఇలాంటి కార్డే, పోయిన నెల తీసుకున్నాను. మాకు మంచిర్యాల దగ్గర, చంద్రపూర్ దూరం. మంచిర్యాలలో చేతులతో నేర్పే తరగతి ఎవరికైనా తెలుసా?