పంచాయతీ లెక్క అడిగితే "నువ్వు ఏ పార్టీ?" అంటున్నారు

ఉరవకొండ రైతుబిడ్డ:
మాది ఉరవకొండ దగ్గర చిన్న ఊరు. మొన్న గ్రామసభకు పోయాను. సభ అంటే పదిహేను మంది, మిగతా సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకుంటారు. మురుగుకాలువ పనికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయిందో చెప్పండని అడిగానో లేదో, ఒకాయన లేచి "నువ్వు ఏ పార్టీ?" అన్నాడు. నాకు ఏ పార్టీ లేదు. ఇంటికొస్తే మా నాయన కూడా "ఊర్లో బతకాల్నా, వద్దా" అని కోప్పడ్డాడు. పైగా ఈసారి సర్పంచ్ పదవి ఏకగ్రీవం చేస్తే కొట్లాటలుండవు, ప్రభుత్వం నుంచి ప్రోత్సాహకం కూడా వస్తుందని పెద్దలు అనుకుంటున్నారు. గుడికి ఎవరు ఎక్కువిస్తే పదవి వాళ్లకే అని కూడా వినిపిస్తోంది. ప్రజాస్వామ్యం బాగా నడవాలంటే ఓటు వేయడం కాకుండా మనలో ఇంకేం ఉండాలి?

కడప అయివారు:
అడిగే ధైర్యం ఉండాలి నాయనా, అది నీకుంది. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించారు, రాజకీయాల్లో వ్యక్తిపూజ చివరికి నియంతృత్వానికి దారి తీస్తుందని. "ఏ పార్టీ" అనే మాట కూడా అక్కడి నుంచి వచ్చేదే, మనిషిని చూస్తారు తప్ప ప్రశ్నను చూడరు. మీ జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే పార్టీ సభ్యత్వం వదిలేశారు. తనకు ఓటేయని వీధికి కూడా కొళాయి వేయించే సర్పంచ్‌లో ఉండేది ఆ గుణమే.

కర్నూలు పెద్దాయన:
ఏకగ్రీవాన్ని ఒక్కమాటలో తీసిపారేయొద్దండి. ఎలక్షన్ అంటే ఆడవాళ్లు తలుపులేసుకుని కూర్చున్న రోజులు నేను చూశాను. ఓట్ల గొడవల్లో మొదలైన పగ రెండు తరాలు నడిచింది. అందరూ కూర్చుని ఒప్పుకుంటే ఊరు చల్లగా ఉంటుంది.

అనంత ఆడబిడ్డ:
పెద్దాయనా, మీ భయం నిజమే. కానీ వేలంపాట పెడితే అది ఒప్పుకోవడం కాదు, కొనుక్కోవడం. కొనుక్కున్నవాడు పెట్టుబడి ఎట్లా రాబట్టుకుంటాడు? మాట్లాడుకునేటప్పుడు ఎస్సీ కాలనీ వాళ్లనూ ఆడవాళ్లనూ పిలుస్తారా? ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. తర్వాత సామాజిక తనిఖీలు వచ్చాయి. నేను కొన్నాళ్లు ఆ పని చేశాను. మస్టర్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ పోయి "అమ్మా, నీ పేరు మీద ఇన్ని రోజులు పని రాశారు, డబ్బులొచ్చాయా?" అని అడిగేవాళ్లం. మొదట ఎవరూ నోరు విప్పరు. తనిఖీలో తేలినవి అందరి ముందు చదివే ప్రజావేదికలో ఒక ముసలమ్మ లేచి "నేను పోలేదు, నాకు రాలేదు" అన్నాక పదిమంది లేచారు. ఆ తర్వాత కూడా అందరూ అదే ఊర్లో, అదే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకున్నారు. లెక్క అడిగినందుకు ఊరు విడిపోలేదు.
తమ్ముడూ, ఒక్కడివే అడగొద్దు, మీ వీధి వాళ్లు నలుగురిని తీసుకుపో. నోటితో చెప్పకపోతే సమాచార హక్కు కింద రాసివ్వు. మన రాష్ట్రంలో ఊరి స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఉరవకొండ రైతుబిడ్డ:
దరఖాస్తు ఎవరికివ్వాలక్కా?

అనంత ఆడబిడ్డ:
పంచాయతీ కార్యదర్శికి. రెండు కాపీలు రాసి, నీ కాపీ మీద సంతకం, తేదీ వేయించుకో. ఎం.బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) కాపీ కూడా కావాలని రాయి, కాలువ ఎన్ని మీటర్లు వేశారో అందులో ఉంటుంది, టేపు పెట్టి మీరే కొలుచుకోవచ్చు.