సూపర్‌వైజర్ లేని విభాగంలో పని పడిపోతే తప్పు ఎవరిది?

డీబరింగ్ బల్ల (జీడిమెట్ల)
మా యూనిట్‌లో హైడ్రాలిక్ వాల్వు బాడీలు తయారవుతాయి. డ్రిల్లింగ్, బోరింగ్ అయ్యాక పీసులు మా ఫినిషింగ్ విభాగానికి వస్తాయి. రంధ్రాల అంచుల్లో మిగిలిన బర్రు (పదునైన లోహపు పొరకలు) తీయడం, అంటే డీబరింగ్, కడగడం, గేజ్ (కొలత సరిపోయిందో లేదో చూపే పరికరం) పెట్టి చూడడం, క్రేట్లలో సర్ది స్టోర్‌కు పంపడం మా పని. నిరుడు మా సూపర్‌వైజర్ పదవీ విరమణ చేశారు. ఆ స్థానంలో ఎవరినీ వేయలేదు. మెషిన్ షాపు ఇన్‌ఛార్జికే మా విభాగాన్ని కూడా అప్పగించారు. ఆయన పొద్దున ఒకసారి తొంగిచూసి వెళ్తారు. ఆ తర్వాత ఏం కావాలన్నా ఫోనులోనే.

అప్పట్లో షిఫ్టుకు 400 పీసులు బయటికి పోయేవి. ఇప్పుడు 260 దాటడమే గగనం. టీకని వెళ్లినవారు అరగంటకు గాని తిరిగి రారు. ఒకరి కార్డు ఇంకొకరు పంచ్ చేస్తున్నారు. సాయంత్రం నాలుగింటి దాకా నత్తనడక, ఆ తర్వాత ఓటీకి (ఓవర్‌టైమ్, అదనపు గంటల పనికి) ఆగినవాళ్లే చకచకా లాగించేస్తారు.

పోయిన నెల ఒక లాటు కస్టమర్ దగ్గరి నుంచి తిరిగి వచ్చింది. రెండు రంధ్రాలు లోపల కలిసే చోట బర్రు అలాగే ఉంది. జాబ్ కార్డు మీద 'ఓకే' అని రాసి సంతకం పెట్టి ఉంది. ఆ సంతకం గల మనిషి ఆ రోజు సెలవులో ఉన్నాడు. గో-నోగో గేజ్ గోడకున్న మేకుకే వేలాడుతోంది, ముట్టుకుంటే వేలికి దుమ్ము అంటింది.

కెమెరాలు పెడతాం, నోటీసులు ఇస్తాం అంటున్నారు యాజమాన్యం వారు. దానితో దారికి వస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

రిటైర్డ్ ఫోర్‌మన్ (బాలానగర్)
మీరు రాసిన దాంట్లోనే జవాబు ఉంది. టీకి అరగంట! అక్కడ మొదలైంది పతనం. నేను బాలానగర్‌లో ఫోర్‌మన్‌గా ఉన్న రోజుల్లో టీ బల్ల దగ్గరికే వచ్చేది, పది నిమిషాల్లో గ్లాసులు తిరిగి వెళ్లేవి. ఎదురుగానే 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చదివి వచ్చిన కుర్రాళ్లు కూడా నా దగ్గర చేతికి ఆకురాయి పట్టుకుని నేర్చుకున్నారు. పని గౌరవం తెలిసినవాడు పైన ఎవరూ లేకపోయినా చేస్తాడు. తెలియనివాడికి పదిమంది సూపర్‌వైజర్లను పెట్టినా చేయడు.

అలవాటుగా ఆలస్యంగా రావడం, పనిలో నిర్లక్ష్యం చూపడం క్రమశిక్షణ చర్యకు తగిన తప్పులని పాత 1946 స్టాండింగ్ ఆర్డర్ల (ఫ్యాక్టరీ ఉద్యోగ నియమాల) చట్టం కింద తయారైన నమూనా నియమాలు స్పష్టంగానే చెప్పాయి. ముందు ఇద్దరికి చార్జిషీటు ఇవ్వండి. మిగతావారు సర్దుకుంటారు.

యూనియన్ మనిషి (నాచారం)
ఫోర్‌మన్ గారూ, చార్జిషీటు ఎవరు రాస్తారు? ఫలానా రోజు, ఫలానా గంటకు, ఫలానా మనిషి బల్ల దగ్గర లేడని కళ్లారా చూసి సాక్ష్యం చెప్పేవాడు ఉండాలి. ఆ విభాగంలో అలాంటి మనిషే లేడని ఆయన మొర పెట్టుకుంటుంటే మీరు చార్జిషీటు ఇమ్మంటున్నారు. విచారణలో మొదటి ప్రశ్నకే అది వీగిపోతుంది.

ఇక టీ. ఏకబిగిన అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి అని 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్ చెప్పింది. వాళ్ల క్యాంటీన్ ఎంత దూరంలో ఉంది, అక్కడ వరుస ఎంతసేపు ఉంటుంది అన్నది తెలుసుకోకుండా పతనం అని తీర్పు ఇవ్వకండి.

రిటైర్డ్ ఫోర్‌మన్ (బాలానగర్)
ఆ అరగంట భోజనానికి. టీకి కాదు. చట్టం చదివినవారు పూర్తిగా చదవాలి.

కూకట్‌పల్లి వెల్డర్
టీ సంగతి అలా ఉంచండి. ఒకరి కార్డు ఇంకొకరు పంచ్ చేయడం మోసం. దానికి ఏ సాకూ చెల్లదు.

యూనియన్ మనిషి (నాచారం)
చెల్లదు. నేను సమర్థించలేదు. కాని భోజనానికో టీకో అని ఆ చట్టంలో రాయలేదు, విశ్రాంతి అనే ఉండేది. టీ సమయం యాజమాన్యంతో ఒప్పందంలో తేల్చుకునే విషయం. మీ కాలంలో బల్ల దగ్గరికి టీ తెచ్చారంటే యాజమాన్యం మనిషిని పెట్టి పంపింది. ఇప్పుడు ఆ మనిషిని తీసేశారు. టీ తెచ్చే మనిషి జీతం మిగిల్చుకుని, టీకి వెళ్లిన మనిషిని దొంగ అంటున్నారు.

రిటైర్డ్ ఫోర్‌మన్ (బాలానగర్)
క్యాంటీన్ ఎంత దూరమైనా రానూ పోనూ అయిదు నిమిషాలు, తాగడానికి అయిదు నిమిషాలు. మిగతా ఇరవై నిమిషాలు ఎక్కడికి పోయాయో చెప్పండి.

చర్లపల్లి యజమాని
నాకు చిన్న యూనిట్ ఉంది. రెండు వైపులా మాటలు వింటున్నాను, నా బాధ కూడా వినండి. ఒక సూపర్‌వైజర్ జీతం మీకు చిన్నదిగా కనిపిస్తుంది. పెద్ద కంపెనీ ప్రతి సంవత్సరం పీసు ధర తగ్గించమంటుంది. 2006 చట్టం ప్రకారం చిన్న పరిశ్రమల బిల్లులు 45 రోజుల్లో చెల్లించాలి. నాకు మూడు నెలలకు వస్తున్నాయి. వడ్డీ అడిగితే తర్వాతి ఆర్డరు ఉండదు. ఇలాంటి స్థితిలో పదవీ విరమణ చేసినవారి స్థానం కొంతకాలం ఖాళీగా ఉంచడం నేరం కాదు. పెద్దవాళ్లైన మనుషులు ఒక ఏడాది తమ పని తాము చేసుకోలేరా? కెమెరా పెడితే తప్పేముంది? నిజాయతీగా పనిచేసేవాడికి కెమెరా వల్ల నష్టం లేదు.

డీబరింగ్ బల్ల (జీడిమెట్ల)
నష్టం ఉందండీ. కెమెరాకు నేను బల్ల దగ్గర నిలబడటం కనిపిస్తుంది. నేను తీస్తున్న బర్రు కనిపించదు. లోపలి రంధ్రంలోకి లైటు వేసి, స్క్రేపర్ తిప్పి, మళ్లీ గేజ్ దించి చూస్తే ఒక్కో పీసుకు సమయం పడుతుంది. పక్కవాడు పైపైన ఆకురాయి గీసి క్రేటులో పడేస్తాడు. కెమెరాలో వాడే చురుకైనవాడు. రోజు చివర లెక్కలోనూ వాడివే ఎక్కువ. తిరిగి వచ్చిన లాటులో వాడి పీసులను మళ్లీ శుభ్రం చేసింది నేను. నా రోజు పనిలో అవి రాయలేదు. అడిగితే 'విభాగం మొత్తానిది కదా, ఎవరు చేస్తే ఏమిటి' అన్నారు. నాకు మండేది అక్కడ. పని చేసేవాడి మీదే పని పడుతోంది.

సూపర్‌వైజర్ గారు ఉన్నప్పుడు ఎవరి క్రేటులోంచైనా రెండు పీసులు తీసి స్వయంగా గేజ్ పెట్టి చూసేవారు. తేడా వస్తే ఆ క్రేటు మొత్తం ఆ మనిషే మళ్లీ చేయాలి. అరుపులు లేవు, నోటీసులు లేవు. ఆయన పోయాక పోయింది ఆ రెండు పీసుల భయం.

రిటైర్డ్ ఫోర్‌మన్ (బాలానగర్)
ఇది సరైన మాట. ఫోర్‌మన్ అంటే అదే. దీనికి నా సంపూర్ణ మద్దతు.

కాంట్రాక్టు కార్మికురాలు (పటాన్‌చెరు)
నేను వేరే కంపెనీలో ఇదే పని చేస్తాను, పేరు చెప్పను. ఓటీ కోసం నాలుగింటి దాకా నత్తనడక అన్నారు. ఆ ఓటీ ఎవరికి ఏ రేటుకు ఇస్తున్నారో మీరు రాయలేదు. మా దగ్గర పర్మనెంటు వారికి రెట్టింపు, మాకు కాంట్రాక్టర్ మామూలు గంట లెక్కే ఇస్తాడు. ఒకే బల్ల, ఒకే గ్రైండర్. చేతి తొడుగులు చిరిగితే వాళ్లకు స్టోర్ నుంచి కొత్తవి ఇస్తారు, మేము కొనుక్కోవాలి. ఇంత తేడా పెట్టి 'పని గౌరవం' అంటే నాకు ఒళ్లు మండుతుంది. నా మటుకు నేను పీసు వదిలేయను, అది వేరే సంగతి.

యూనియన్ మనిషి (నాచారం)
అమ్మా, రోజుకు 9 గంటలు లేదా వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలని ఆ 1948 చట్టం 59వ సెక్షన్ చెప్పింది. అది పర్మనెంటువారికే అని లేదు, ఫ్యాక్టరీలో పనిచేసే ప్రతి కార్మికుడికీ. కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని, అదే 2025 దాకా ఉన్న 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉండేది.

మేనేజ్‌మెంట్ విద్యార్థి
ఒక ఉదాహరణ చెప్పనివ్వండి. అమెరికాలో షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1931–32లో 14 మంది కార్మికులను ఒక గదిలో పెట్టి పరిశీలించారు. ఎక్కువ చేస్తే ఎక్కువ డబ్బు వస్తుంది, అయినా వాళ్లలో వాళ్లే ఒక పరిమితి పెట్టుకుని అక్కడ ఆగిపోయారు. అది దాటినవాడిని తోటివారే భుజం మీద గుద్ది ఆపేవారు. ఎక్కువ చేసి చూపిస్తే రేటు తగ్గిస్తారనే భయం కూడా వాళ్ల మాటల్లో బయటపడింది. అక్కడ చూసేవాడు లేక కాదు, పరిశీలకుడు గదిలోనే కూర్చుని ఉన్నాడు.

రిటైర్డ్ ఫోర్‌మన్ (బాలానగర్)
షికాగో కబుర్లు మనకెందుకు? ఇక్కడ మనిషి బల్ల వదిలి తిరుగుతున్నాడు. యూనియన్ వారు ముప్ఫై ఏళ్లుగా ఇదే పాట. మా దగ్గర కూడా ఒకడిని తాగి షిఫ్టుకు వచ్చినందుకు బయటికి పంపితే వీళ్లే గేటు ముందు కూర్చుని వాడిని మళ్లీ లోపలికి తెచ్చారు. ఆ తర్వాత నా మాట ఎవరు విన్నారు? షాపు మొత్తం ముందు నన్ను తలదించుకునేలా చేశారు. విభాగాలు పాడైంది మీ వల్లే.

యూనియన్ మనిషి (నాచారం)
ఆ గేటు ముందు నేను లేను. మీ అవమానానికి బాకీ నా దగ్గర వసూలు చేయకండి. మా అన్నయ్య ఒక కంపెనీలో ఇరవై ఏళ్లు ప్రెస్సు మీద పనిచేశాడు. గార్డు పాడైందని మూడుసార్లు చెప్పినా ఫోర్‌మన్ పట్టించుకోలేదు, ప్రొడక్షన్ ఆగకూడదన్నాడు. రెండు వేళ్లు పోయాయి. పర్యవేక్షణ అంటే మనుషులను తరమడం ఒక్కటే అనుకునేవారిని నేను చూశాను.

రిటైర్డ్ ఫోర్‌మన్ (బాలానగర్)
నా హయాంలో ఒక్కరికీ దెబ్బ తగలలేదు. నన్ను వాళ్లతో కలపకండి.

కూకట్‌పల్లి వెల్డర్
ఇద్దరూ కొంచెం తగ్గండి. అడిగినాయన ఫినిషింగ్ విభాగం గురించి అడిగారు.

డీబరింగ్ బల్ల (జీడిమెట్ల)
విద్యార్థి గారి మాటతో ఒక సంగతి చెప్పాల్సి వచ్చింది. మొదట మా టార్గెట్ 320. దాని పైన ప్రతి పీసుకు ఇన్సెంటివ్ ఉండేది. మా సూపర్‌వైజర్ గారే పట్టుబట్టి, వాషింగ్ ట్యాంకును బల్లల పక్కకు జరిపించి, పీసు మోసుకెళ్లే నడక తగ్గించారు. అందరం కలిసి 400కు తెచ్చాం. మూడు నెలలు ఇన్సెంటివ్ చేతికి వచ్చింది. ఆ తర్వాత టార్గెట్‌నే 400 చేశారు. ఇన్సెంటివ్ పోయింది, పని తగ్గేసరికి ఓటీ కూడా పోయింది. అంటే వేగం పెంచినందుకు అందరి జీతం తగ్గింది. ఆయన పైవాళ్లతో కొట్లాడారు, ఫలితం లేదు. అదే సంవత్సరం ఆయన విరమణ.

ఇప్పుడు నాతో పనిచేసేవాళ్లు ఓటీ కోసం ఆగుతున్నారంటే దాని వెనక ఇది ఉంది. పంచింగ్ మోసాన్ని, గేజ్ పెట్టకుండా సంతకం చేయడాన్ని నేను క్షమించను. కాని 400 చేయమని ఏ ముఖంతో అడగాలో నాకు తెలియడం లేదు.

యూనియన్ మనిషి (నాచారం)
ఇది మొదటి పోస్టులోనే రాయవలసిన మాట! మనం ఇంతసేపు టీ గురించి కొట్టుకున్నాం. ఇప్పుడు యజమాని గారిని సూటిగా అడుగుతున్నాను. మీ యూనిట్‌లో కార్మికులు తెలివి ఉపయోగించి వేగం పెంచితే, టార్గెట్ రెండేళ్ల పాటు కదపనని కాగితం మీద రాసిస్తారా?

చర్లపల్లి యజమాని
సూటిగానే చెబుతాను. రాసివ్వలేను. కస్టమర్ వచ్చే ఏడాది ధర తగ్గించినప్పుడు ఆ తగ్గింపు ఎక్కడి నుంచి తేవాలి? వేగం పెరిగితే వచ్చే మిగులే నాకు ఊపిరి. అది మొత్తం ఇన్సెంటివ్‌గా పంచితే యూనిట్ ఉండదు. సగం పంచమంటే మాట్లాడవచ్చు. కాని ఎంతో కొంత నా చేతిలో ఉండాలి.

యూనియన్ మనిషి (నాచారం)
మన మధ్య ఉన్న గొడవ ఇదే. సూపర్‌వైజర్‌ను పెట్టండి, కెమెరా పెట్టండి, పెరిగిన పనిలో చేసినవాడి వాటా ఎంతో ముందే రాసి ఉంటే తప్ప ఎవరూ చేతి వేగం చూపరు. సగం అన్నారు కదా, ఆ సగమైనా మీ నోటీసు బోర్డు మీద పెట్టండి.

చర్లపల్లి యజమాని
నోటీసు బోర్డు మీద పెడితే చెడ్డ సంవత్సరంలో కూడా అడుగుతారు. నష్టం వచ్చిన సంవత్సరంలో మీరు సగం భరిస్తారా?

యూనియన్ మనిషి (నాచారం)
నష్టం వచ్చినప్పుడల్లా మనుషులను తగ్గించి, ఖాళీలు నింపకుండా ఉంచుతూనే ఉన్నారు. భరిస్తూనే ఉన్నాం.

రిటైర్డ్ ఫోర్‌మన్ (బాలానగర్)
టార్గెట్ విషయంలో ఆ సూపర్‌వైజర్‌కు జరిగింది అన్యాయం. తన మనుషులకు ఇచ్చిన మాట పైవాళ్లు తప్పిస్తే ఆ తర్వాత ఫోర్‌మన్‌కు షాపులో నిలబడే చోటు ఉండదు. కొత్తవారిని వేసినా, టార్గెట్ మీద ఆయనకు అధికారం ఇవ్వకపోతే గుమాస్తాగా మిగులుతాడు. అయినా టీకి అరగంట ఎక్కువే.

డీబరింగ్ బల్ల (జీడిమెట్ల)
అందరికీ నమస్కారం. మా విభాగంలో నలుగురితో మాట్లాడాను. సూపర్‌వైజర్‌ను వేయాలి, క్రేటు క్రేటుకూ చేసినవారి పేరు రాయాలి, కొత్త టార్గెట్ మాతో కూర్చుని తేల్చాలి అని ఒక అర్జీ రాస్తున్నాం. పంచింగ్ గురించి కూడా రాస్తామంటే ఇద్దరు లేచి వెళ్లిపోయారు. అయినా రాస్తున్నాను. నేను గేజ్ పెట్టని పీసు కార్డు మీద ఈ రోజు నుంచి సంతకం చేయడం లేదని ఇన్‌ఛార్జికి చెప్పాను.

కాంట్రాక్టు కార్మికురాలు (పటాన్‌చెరు)
ఆ అర్జీలో మీ దగ్గరి కాంట్రాక్టు వారి ఓటీ రేటు గురించి ఉందా? లేకపోతే వాళ్ల సంతకాలు అడగకండి.

డీబరింగ్ బల్ల (జీడిమెట్ల)
లేదమ్మా. మా దగ్గర ఆరుగురు కాంట్రాక్టు వారు ఉన్నారు, వాళ్ల ఓటీ చీటీలు నేను చూడలేదు. రేపు మొదటి షిఫ్టులో అడిగి తీసుకుంటాను. అర్జీ అప్పటిదాకా ఆపుతున్నాను.