అప్‌డేట్: పలాస జీడిపప్పు యాప్ వెర్షన్ నంబర్ల పేచీ తేలింది

అడిగిన సంగతి మళ్లీ క్లుప్తంగా: పలాసలో జీడిపప్పు వ్యాపారుల బస్తాల లెక్క కోసం మేం తయారు చేస్తున్న ఆండ్రాయిడ్ యాప్ ఇది. రెండు ఫోన్లూ 1.4 అనే చూపిస్తున్నాయి, ఒకదానిలో మాత్రం తూకం తప్పు వస్తోంది. ఏది ఏ బిల్డో (కోడ్ నుంచి ఏ సారి తయారు చేసిన యాప్ ప్రతో) తేల్చడం ఎలా?

మీలో చాలామంది చెప్పినట్టే నంబరును చేత్తో రాయడం మానేశాం. విడుదలప్పుడు గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) ట్యాగ్, అంటే పేరున్న గుర్తు, పెడతాం. బిల్డ్ సమయంలో ‘గిట్ డిస్క్రైబ్’ ఆదేశం దగ్గరి ట్యాగ్‌ను, ఆ తర్వాత చేరిన కమిట్ల (గిట్‌లో నమోదైన మార్పుల) సంఖ్యను, కమిట్ గుర్తును కలిపి ఇస్తుంది. అదే వెర్షన్ నేమ్, అంటే వాడేవారికి కనిపించే వెర్షన్ పేరు. వ్యాపారి దాన్ని ఫోనులో చదివి వినిపిస్తే చాలు, శ్రీకాకుళంలో కూర్చునే అది ఏ కోడో చెప్పేస్తున్నాం.

అసలు తంటా వెర్షన్ కోడ్‌తో, అంటే ఏ విడుదల కొత్తదో ఆండ్రాయిడ్ పోల్చుకునే సంఖ్యతో. అది పూర్ణాంకం, ప్రతి విడుదలకూ పెరగాలి, ప్లే స్టోర్‌లో 210 కోట్లు దాటకూడదు. తేదీకి గంటలు, నిమిషాలు తగిలించమన్న సలహా అక్కడే వీగిపోయింది. 12 అంకెలు అందులో ఎక్కడ పడతాయి? కమిట్ల మొత్తాన్నే వాడాం. మా కంప్యూటర్లలో బాగానే ఉంది, గిట్‌హబ్ యాక్షన్స్‌లో (బిల్డ్‌ను దానంతటదే చేసిపెట్టే ఆన్‌లైన్ సేవ) మాత్రం ఎప్పుడు చూసినా 1! అక్కడి చెకవుట్ (కోడ్ తెచ్చుకునే దశ) మామూలుగా చివరి కమిట్ ఒక్కటే తెస్తుంది. ఎన్ని కమిట్లు తేవాలో చెప్పే ఫెచ్ డెప్త్‌ను 0 (అంటే అన్నీ) చేయగానే చరిత్ర, ట్యాగ్‌లు అన్నీ వచ్చాయి.

సెమాంటిక్ వెర్షనింగ్ (మార్పు ఎలాంటిదో నంబరే చెప్పేలా పెట్టే పద్ధతి) గురించి గట్టిగా వాదించినవారికి: లైబ్రరీలకైతే సరే, మా యాప్ మీద వేరే కోడ్ ఏదీ ఆధారపడదు కాబట్టి ఆ నియమాలు మాకు అలంకారమే. రెండు బ్రాంచీల్లో (కోడ్‌లో విడిగా సాగే పాయల్లో) కమిట్ల సంఖ్య ఒకటే కావచ్చు కనుక, విడుదలలు ప్రధాన బ్రాంచి అయిన మెయిన్ నుంచే చేస్తున్నాం.